టార్చి గీత మసకగా వస్తే షట్టర్ టైమ్ పెంచకండి

ప్రశ్న: ఈమధ్యే కిట్ లెన్స్‌తో వచ్చే మామూలు కెమెరా ఒకటి కొనుక్కున్నాను. రాత్రిపూట టార్చితో గాల్లో నా పేరు రాసి ఫోటో తీయాలని చూస్తున్నాను. షట్టర్ 10 సెకన్లు తెరిచి ఉంచితే అక్షరాలు మసకగా వస్తున్నాయి. వెలుగు చాలట్లేదేమో అని 30 సెకన్లకి పెంచితే వెనకున్న గోడా ఆకాశమూ తెల్లగా తేలిపోతున్నాయి, అక్షరాలు మాత్రం అలాగే ఉన్నాయి. పైగా పేరు తిరగబడి వస్తోంది, నేనేమో సగం సగం దయ్యంలా కనబడుతున్నాను. ఎన్‌డీ ఫిల్టర్ కొనమని ఒకరు, లైట్ బ్రష్‌ల కిట్ కొనమని ఇంకొకరు అంటున్నారు. ఏది కొనాలి? ఇదంతా ఎందుకు, ఫోన్‌తోనే చేయొచ్చంటాడు మా తమ్ముడు. నిజమేనా?

జవాబు: ముందు డబ్బుల సంగతి తేల్చేద్దాం. ఆ రెండూ ఇప్పుడు కొనొద్దు. ఎన్‌డీ ఫిల్టరంటే లెన్స్ ముందు పెట్టే నల్లద్దం, అంతే. పట్టపగలు జలపాతాన్నో అలల్నో మెత్తగా, కదలికంతా కలిసిపోయినట్టు తీయాలంటే షట్టర్ చాలాసేపు తెరిచి ఉంచాలి, పగటి వెలుగులో అలా తెరిస్తే ఫోటో మొత్తం తెల్లబడిపోతుంది కాబట్టి వెలుగుని తగ్గించడానికి దాన్ని పెడతారు. ఒక్కో స్టాపుకీ వెలుగు సగమవుతుంది, అలా 10 స్టాపుల ఫిల్టర్ పెడితే వెలుగు దాదాపు వెయ్యో వంతుకి పడిపోతుంది, అంటే సెకనులో 60వ వంతు చాలిన చోట సుమారు 17 సెకన్లు పడుతుంది. మీ గీత ఇప్పటికే మసకగా ఉంది, దాని ముందు నల్లద్దం పెడితే ఉన్నది కూడా పోతుంది. ఇక లైట్ బ్రష్‌లు, అంటే గాల్లో గీయడానికి వాడే వెలుగు కుంచెలు, సరదాగానే ఉంటాయి, కాదనను, కానీ అసలు చిక్కు అర్థం కాకుండా వాటితో మొదలుపెడితే ఇదే మసక గీత రంగుల్లో వస్తుంది.

అసలు చిక్కేమిటంటే, మీరు తీస్తున్నది ఒకటే ఫోటో అయినా అందులో రెండు ఎక్స్‌పోజర్లు జరుగుతున్నాయి, అంటే వెలుగు రెండు రకాలుగా పోగవుతోంది. ఒకటి గోడది, ఇంకొకటి టార్చిది. తోటలో గిన్నెలు వరుసగా పెట్టి వాటి మీదుగా నీళ్ళ పైపు అటు నుంచి ఇటు జరిపారనుకోండి. ఒక్కో గిన్నెలో ఎన్ని నీళ్ళు పడ్డాయన్నది పైపు జోరు మీద, మీ చెయ్యి ఎంత నిదానంగా జరిగిందన్న దాని మీద ఉంటుంది. పైపు దాటిపోయాక ఆ గిన్నె పక్కన ఎంతసేపు నించున్నా అందులో పైపు నీళ్ళు పెరగవు. కానీ అదే టైములో సన్నగా జల్లు పడుతుంటే మాత్రం అన్ని గిన్నెలూ నిండుతూనే ఉంటాయి. టార్చి పైపు, చుట్టూ ఉన్న వెలుగు జల్లు. కెమెరా లోపల వెలుగుని పట్టే సెన్సర్ మీద ఒక్కో చోటికి మీ టార్చి వచ్చి వెళ్ళేది రెప్పపాటులోనే. ఆ తర్వాత షట్టర్ ఇంకో 20 సెకన్లు తెరిచి ఉంచితే ఆ గీతకి కొత్తగా ఒరిగేదేమీ లేదు, గోడకి మాత్రం మూడింతల వెలుగు అందింది.

కాబట్టి ఏది దేని మాట వింటుందో ఒకసారి చూసుకోండి. సెకన్లు మార్చితే గోడా ఆకాశమూ మారతాయి, గీత మారదు. ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే కంత), ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) మార్చితే రెండూ కలిసి మారతాయి. టార్చి బలం, చెయ్యి వేగం మార్చితే గీత మాత్రమే మారుతుంది. ఈ మూడు మాటలు బుర్రకెక్కితే మిగతాదంతా లెక్కే, ఏ వీడియో చూడక్కర్లేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. గోడ తెల్లబడుతోంది కాబట్టి సెకన్లు తగ్గిద్దాం అనుకుంటే, తక్కువ టైములో పేరంతా రాయాలి కాబట్టి చెయ్యి వేగంగా తిప్పుతారు, దాంతో గీత ఇంకా పలచబడుతుంది. అందుకే వెలుగున్న చోట నించుని సెట్టింగులతో కుస్తీ పట్టడం కన్నా ఇంకాస్త చీకటి ఉన్న చోటికి నడవడమే మేలు. వెళ్ళే వీలు లేదా, అయితే ఎపర్చర్ బిగించి టార్చి బలం పెంచండి. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ ఆ కంత చిన్నదవుతుంది. ఎఫ్ 8 నుంచి ఎఫ్ 11కి వెళితే వచ్చే వెలుగు సగమవుతుంది, టార్చి రెట్టింపు బలమున్నది తీసుకుంటే గీత ఎప్పటిలాగే ఉండి గోడ ఒక్కటే నల్లబడుతుంది. మీకు కావలసింది అదే కదా.

పద్ధతి ఇలా పెట్టుకోండి. పేరు రాయడానికి తీరిగ్గా ఎంత టైము పడుతుందో కెమెరా ఆన్ చేయకుండానే గాల్లో రాసి చూసుకోండి, 20 సెకన్లు అనుకుందాం. కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి మాన్యువల్‌లో 20 సెకన్లు, ఎఫ్ 8, ఐఎస్ఓ 100 పెట్టి, టార్చి లేకుండా, ఫ్రేమ్‌లో ఎవరూ లేకుండా ఒక ఫోటో తీయండి. ఈ ఖాళీ ఫోటోని చాలామంది దాటేస్తారు, నా దృష్టిలో మొత్తం పనిలో ఇదే ముఖ్యమైనది. గోడ మీరు కోరుకున్నంత చీకటిగా ఉందా లేదా అన్నది ఇక్కడే తేల్చేసుకోవాలి. అది కుదిరాక టార్చి పట్టుకుని వెళ్ళి రాయండి. గీత పలచగా ఉంటే చెయ్యి నిదానించండి లేదా టార్చి మార్చండి. గీత మరీ లావుగా, చుట్టూ పొగలా వస్తే టార్చి ముఖానికి తెల్ల కాగితమో టేపో అంటించండి. ఇక కెమెరా జోలికి వెళ్ళొద్దు.

గోడ తెల్లబడటానికి ఇంకో కారణం మీ టార్చే అయ్యుండొచ్చు. గదిలోనో గోడకి దగ్గర్లోనో రాస్తున్నప్పుడు ఆ వెలుగు గోడ మీదా, నేల మీదా, మీ చొక్కా మీదా పడుతుంది. ఖాళీ ఫోటో చీకటిగా వచ్చి, రాసిన ఫోటోలో మాత్రం గోడ వెలిగిపోతుంటే దోషం అక్కడుంది. నల్ల చార్ట్ ముక్కని గొట్టంలా చుట్టి టార్చికి తొడిగితే వెలుగు ముందుకి మాత్రమే వస్తుంది. రాసేటప్పుడు టార్చి ముఖం కెమెరా వైపే ఉండాలన్నది కూడా మర్చిపోకండి, మణికట్టు తిరిగిపోతే అక్షరం మధ్యలో గీత సన్నబడి మాయమవుతుంది. కొత్తవాళ్ళ ఫోటోల్లో సగం మసకతనం దీనివల్లే.

ఇక దయ్యం సంగతి. లాంగ్ ఎక్స్‌పోజర్‌లో కదిలేది కనబడదు, నిలబడింది కనబడుతుంది. 1838లో డాగేర్ అనే తొలితరం ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ పారిస్‌లోని బులవార్ ద్యు తాంప్ల్ అనే వీధిని తీసిన ఫోటో ఉంది. అప్పటి పద్ధతిలో ఎక్స్‌పోజర్‌కి నిమిషాలు పట్టేది కాబట్టి ఆ వీధిలో తిరిగే జనమూ బళ్ళూ ఒక్కటీ పడలేదు, ఒక మూల జోళ్ళు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నించున్న మనిషి మాత్రం పడ్డాడు. మీరు ఒకచోట కాళ్ళు పాతుకుని చేతులు మాత్రమే ఆడిస్తున్నారు కాబట్టి నడుము కింద నుంచి స్పష్టంగా, పైన చెదిరినట్టు వస్తున్నారు. కనబడకూడదంటే నిండు చేతుల ముదురు రంగు బట్టలు వేసుకోండి, ఒక్కో అక్షరం రాస్తూ పక్కకి జరుగుతూ ఉండండి, టార్చి మీ ఒంటి మీద పడనివ్వకండి. రాయడం అయిపోగానే టార్చి ఆర్పి ఫ్రేమ్ బయటికి వచ్చేయండి.

కనబడాలనుకుంటే దానికి తగ్గట్టు చేయాలి. మీ వెనక బాగా చీకటి ఉన్న చోటు చూసుకుని, రాయడం అయిపోయాక కదలకుండా నించుని, ఇంకొకరి చేత ఫ్లాష్ ఒక్కసారి కొట్టించుకోండి. వెనక వెలుతురున్న గోడ ఉంటే మాత్రం ఎంత కదలకుండా నించున్నా గోడ మీ ఒంట్లోంచి కనబడుతుంది, ఎందుకంటే మీరు అక్కడికి రాకముందే ఆ చోట గోడ కొంత పడిపోయింది. కెమెరాలో రియర్ కర్టెన్ సింక్ అని ఉంటుంది, అది పెడితే షట్టర్ మూసుకునే ముందు ఫ్లాష్ దానంతటదే వెలుగుతుంది. 1949లో గ్యోన్ మిలీ అనే ఫోటోగ్రాఫర్ దక్షిణ ఫ్రాన్స్‌లో పికాసో దగ్గరికి వెళ్ళి చీకటి గదిలో చిన్న బల్బుతో గాల్లో బొమ్మలు గీయించి తీసిన ఫోటోలు చూసే ఉంటారు. వాటిలో గీత బల్బుది, పికాసో ముఖం ఫ్లాష్‌ది. ఒకే ఫ్రేమ్‌లో రెండు ఎక్స్‌పోజర్లంటే అదే.

పేరు తిరగబడటం మీ తప్పు కాదు. మీరు కెమెరా వైపు తిరిగి మీ ఎడమ నుంచి కుడికి రాస్తారు, కెమెరాకి అది కుడి నుంచి ఎడమకి కనబడుతుంది. ఎడిటింగ్‌లో ఫోటోని అడ్డంగా ఫ్లిప్ చేస్తే అయిపోతుంది. ఫ్రేమ్‌లో బోర్డో, చొక్కా మీద అక్షరాలో ఉంటే అవి తిరగబడతాయి కాబట్టి అలాంటివి లేకుండా చూసుకోండి. మాన్ రే అనే అమెరికన్ కళాకారుడు 1935లోనే చిన్న లైటుతో గాల్లో గీతలు గీస్తూ తన ఫోటో తానే తీసుకున్నాడు. ఏవో పిచ్చిగీతలనే అందరూ అనుకున్నారు. 2009లో ఎలెన్ కేరీ అనే ఫోటోగ్రాఫర్ దాన్ని అద్దంలో చూస్తే అది ఆయన సంతకమని తేలింది! ఆయనకి ఫ్లిప్ బటన్ లేదు పాపం, మీకుంది.

తెలుగులో రాస్తే ఇంకో ఇబ్బంది ఉంది. ఇంగ్లీషు కలిపిరాతలా ఒకే గీతలో పోయే వీలు మనకి తక్కువ. తలకట్టు వేరు, వత్తు వేరు, గుడి వేరు, మధ్యమధ్య టార్చి ఆపాలి. అందుకని నొక్కితే వెలిగి వదిలితే ఆరిపోయే బటన్ ఉన్న టార్చి వెతుక్కోండి. ప్రతి నొక్కుకీ ఒక్కో మోడ్‌లోకి మారుతూ చివర్లో టపటపా కొట్టుకునే రకం ఈ పనికి నరకం. ఉన్నది అదే అయితే వెలుగు ఆపాల్సినప్పుడు బొటనవేలితో ముఖం మూసేయండి. లేదా అసలు ఒకే ఫోటోలో రాయకండి. ట్రైపాడ్ కదపకుండా ఒక్కో అక్షరాన్ని ఒక్కో ఫోటోలో రాసి, ఎడిటింగ్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి బ్లెండ్ మోడ్ లైటెన్ అని పెడితే ప్రతి చోటా ఏ ఫోటోలో వెలుగు ఎక్కువుంటే అదే మిగులుతుంది. గోడ పేరుకుపోదు, పాడైన అక్షరాన్ని ఒక్కదాన్నే మళ్ళీ రాసుకోవచ్చు. మోసమని కొందరంటారు, నేనైతే అనను. ఒలింపస్ కెమెరాల్లో లైవ్ కాంపోజిట్ అన్న మోడ్ ఇదే పనిని కెమెరా లోపలే చేస్తుంది, కొత్తగా వచ్చిన వెలుగుని మాత్రమే కలుపుకుంటూ పోతుంది.

గీత తెగి తెగి చుక్కల్లా వస్తే కంగారు పడకండి. చాలా ఎల్‌ఈడీ టార్చిలు తక్కువ వెలుగు మోడ్‌లో నిజంగా వెలుగు తగ్గించవు, సెకనుకి వందలసార్లు ఆరి వెలుగుతాయి. కంటికి తెలియదు, చెయ్యి వేగంగా తిప్పితే కెమెరాకి తెలిసిపోతుంది. ఫుల్ మోడ్‌లో పెట్టి కాగితం అడ్డం పెట్టుకుంటే చాలావరకు పోతుంది. ఫ్రాంక్, లిలియన్ గిల్బ్రెత్ అనే అమెరికన్ దంపతులు 1910ల్లో పనివాళ్ళ చేతులకి చిన్న బల్బులు కట్టి షట్టర్ తెరిచి ఫోటోలు తీసేవాళ్ళు, ఏ కదలిక అనవసరమో తేల్చడానికి. వాళ్ళు బల్బు కావాలనే ఆరి వెలిగేలా చేశారు, చుక్కల మధ్య ఎడం చూస్తే చెయ్యి ఎక్కడ వేగంగా కదిలిందో తెలుస్తుందని. మీ ఫోటోలో కూడా చుక్కలు దూరంగా ఉన్నచోట మీరు తొందరపడ్డారన్నమాట.

కెమెరా వైపు చూసుకోవాల్సినవి కొన్ని గబగబా చెప్పేస్తాను. చీకట్లో ఆటోఫోకస్ పట్టదు. మీరు నించునే చోట టార్చి వెలిగించి పెట్టి, దాని మీద ఫోకస్ చేసి, వెంటనే మాన్యువల్ ఫోకస్‌కి మార్చేయండి, ఆ తర్వాత రింగు ముట్టుకోవద్దు. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్స్‌లో చేతి కుదుపుని సర్దే స్టెబిలైజేషన్ ఆపేయండి. వైట్ బ్యాలెన్స్ (ఫోటో రంగుల ఛాయని సరిచేసే సెట్టింగు) ఆటోలో వదలొద్దు, ఏదో ఒకదానికి కట్టేయండి, లేకపోతే ప్రతి ఫోటోకీ రంగు మారుతుంది. తర్వాత దిద్దుకోవడానికి ఎక్కువ వీలుండే రా ఫైల్‌లో తీయండి. 2 సెకన్ల టైమర్ పెడితే బటన్ నొక్కిన కుదుపు పోతుంది, ఒంటరిగా తీస్తుంటే 10 సెకన్లది పెట్టుకుని పరుగెత్తండి. ఫోటో తీశాక కెమెరా మరో 20 సెకన్లు స్తంభించిపోతే పాడైపోయిందనుకోకండి, లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉందన్నమాట. తీసినంతసేపూ ఇంకో నల్ల ఫోటో తీసుకుని మచ్చలు తీసేస్తోంది. సాధన చేసేటప్పుడు దాన్ని ఆపేయండి, నిమిషాల తరబడి తీసే రోజు ఆన్ చేసుకుందురుగాని. చాలా కెమెరాల్లో 30 సెకన్లు దాటాలంటే బల్బ్ మోడ్ (బటన్ నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచే ఉండేది) కావాలి, దానికి లాక్ ఉన్న రిమోట్ ఉంటే చేతికి సుఖం. డబ్బు ఖర్చు పెట్టి తీరాలనిపిస్తే ఆ రిమోట్, ఊగని ట్రైపాడ్, ఈ రెండింటి మీద పెట్టండి.

తమ్ముడి మాట సగం నిజం. ఫోన్లో నైట్ మోడ్ పెట్టి రాస్తే కుదరదు. అది పొట్టి పొట్టి ఫోటోలు బోలెడు తీసి కలుపుతుంది, కదిలిన వాటిని వీలైనంత తీసేయాలని చూస్తుంది, మీ గీత దానికి తప్పులా కనబడుతుంది. ప్రో మోడ్ ఉన్న ఫోనైతే షట్టర్ 10 సెకన్ల పైన, ఐఎస్ఓ ఉన్నంతలో తక్కువ, ఫోకస్ మాన్యువల్ పెట్టి ఫోన్‌ని కదలకుండా నిలబెడితే నిక్షేపంగా వస్తుంది. కాకపోతే ఫోన్లలో ఎపర్చర్ సాధారణంగా బాగా తెరిచే ఉంటుంది, మార్చడానికి ఉండదు. కాబట్టి టార్చి బాగా తగ్గించాలి, చోటు ఇంకా చీకటిగా ఉండాలి. ఐఫోన్‌లో లైవ్ ఫోటోకి లాంగ్ ఎక్స్‌పోజర్ ఎఫెక్ట్ ఉంది కానీ అది మొత్తం మూడు సెకన్ల ముచ్చట, అందులో పేరు రాయలేరు. షట్టర్ టైమ్ చేతికిచ్చే యాప్ విడిగా వేసుకోవాలి.

పేరు రాయడం కుదిరాక ఒకసారి రెండో రకం చేసి చూడండి, నాకు అదే ఎక్కువ ఇష్టం. టార్చి కెమెరాకి చూపించకుండా, ఫ్రేమ్ బయట నించుని ఒక చెట్టునో పాత సైకిల్‌నో టార్చి వెలుగుతో తడుముతూ వెలిగించడం. ఇక్కడ గీత కాదు, వెలుగు పడిన వస్తువే ఫోటోలో పడుతుంది. వెలుగు ఒకేచోట ఎంతసేపు ఉంచితే ఆ చోటు అంత తెల్లబడుతుంది, కాబట్టి చెయ్యి ఆగకూడదు. దూరం రెట్టింపైతే అందే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది, దూరంగా ఉన్న కొమ్మకి ఎక్కువసేపు ఇవ్వాలి. కెమెరా పక్కనే నించుని కొడితే బొమ్మ చదునుగా, పాస్‌పోర్ట్ ఫోటోలా వస్తుంది. పక్కకి బాగా వెళ్ళి ఏటవాలుగా కొట్టండి, బెరడు గరుకుదనం మొత్తం లేస్తుంది. వెనక నుంచి కొడితే అంచు వెంబడి వెలుగు గీత వస్తుంది, కానీ టార్చి ముఖం కెమెరాకి కనబడకుండా ఆ వస్తువు చాటునే ఉండాలి. ఈ పనిలో నల్ల గొట్టం తొడిగిన చిన్న టార్చి ఖరీదైన ఏ కిట్‌కీ తీసిపోదు.

మీరు అడగలేదు కానీ చెప్పాలి. వీడియోల్లో స్టీల్ ఊల్ అంటించి గిరగిరా తిప్పి నిప్పురవ్వల వాన కురిపిస్తారు. అది కాలుతున్న ఇనుము. ఎండుగడ్డి అంటుకుంటుంది, కళ్ళు పోతాయి, లెన్స్ అద్దంలోకి రవ్వ దిగితే ఆ గుంట ఇక పోదు. దాని జోలికి వెళ్ళకండి. లేజర్ లైటు కెమెరా వైపు తిప్పొద్దు, సెన్సర్ కాలిపోవచ్చు. రోడ్డు పక్కన తీస్తుంటే బళ్ళు నడిపేవాళ్ళ కళ్ళలో టార్చి పడకుండా చూసుకోండి, రైలు పట్టాల మీదికి అసలు వెళ్ళొద్దు, చీకట్లో ఒంటరిగా వెళ్ళొద్దు.

ఈసారి ఫోటో పంపినప్పుడు టార్చి లేకుండా తీసిన ఖాళీ ఫోటో కూడా జతచేయండి. సెకన్లు, ఎపర్చర్, ఐఎస్ఓ ఎంత పెట్టారో, టార్చి ఏ మోడ్‌లో ఉందో రాయండి. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూస్తే గోడని మార్చాలా చేతిని మార్చాలా అన్నది చెప్పగలను.